ప్రసాదం అంటే ఏ ప్రసాదం? గీత, ఉపనిషత్తులు, పురాణాలు తొలిసారి చదివేవాళ్లు అనువాదాన్ని ఎంచుకోవడం ఎలా

భగవద్గీత రెండో అధ్యాయం 65వ శ్లోకం "ప్రసాదే సర్వదుఃఖానాం హానిరస్యోపజాయతే" అని మొదలవుతుంది. నేను మొదట చదివిన పుస్తకంలో దీని తాత్పర్యం "ప్రసాదము కలిగినవానికి సర్వదుఃఖములు నశించును" అని ఉంది. మాటకు మాట చూస్తే అందులో తప్పేమీ లేదు. కానీ నాకు తెలిసిన ప్రసాదం గుడిలో చేతిలో పెట్టేది. అది కళ్లకద్దుకుని తింటే దుఃఖాలు పోతాయని కృష్ణుడు చెబుతున్నాడని చాలాకాలం నమ్మాను. ఇక్కడ ప్రసాదం అంటే తేరిన నీళ్లలా మనసు నిర్మలంగా నిలవడం అని మరో పుస్తకం చూశాకే తెలిసింది.

తెలుగువాళ్లకు ఉన్న చిక్కు ఇక్కడే. ధర్మం, కర్మ, యోగం, ఆత్మ, అధికారం లాంటి మాటలు చిన్నప్పటి నుంచీ మన నోట్లో ఆడేవే. "ధర్మం చెయ్యండి బాబూ" అంటే బిచ్చం వెయ్యమని. "అంతా నా కర్మ" అంటే తలరాత. "నాకా యోగం లేదు" అంటే అదృష్టం లేదని. "అక్కడ ఆత్మ తిరుగుతోంది" అంటే దయ్యం. గ్రంథాల్లో ఇవే మాటలకు వేరే అర్థాలు ఉంటాయి, ఒక్కోచోట ఒక్కో అర్థం ఉంటుంది. బొత్తిగా తెలియని మాట ఎదురైతే ఆగి అర్థం వెతుక్కుంటాం. తెలిసిన మాటైతే ఆగం. అందుకే ఏ తెలుగు అనువాదం చేతికొచ్చినా నేను ముందు చూసేది ఒకటే. ఇలాంటి మాట దగ్గర అనువాదకుడు మనల్ని ఆపి అర్థం చెప్పాడా, లేక చివర ఒక "ము" తగిలించి వెళ్లిపోయాడా? కింద చెప్పేవన్నీ చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ముందు ఏ గ్రంథమో తేల్చుకోండి

ఉత్సాహం మీదున్నప్పుడు చాలామంది నాలుగు వేదాల సెట్ తెప్పించుకుంటారు. ఋగ్వేదం ఒక్కదానిలోనే 10 మండలాలు, 1,028 సూక్తాలు ఉన్నాయి. దాశరథి రంగాచార్య గారి పుణ్యమా అని నాలుగు వేదాలనూ తెలుగులో చదువుకునే వీలుంది, అది మన భాషకు దక్కిన గొప్ప సంపద. అయినా కొత్తవాళ్లను వేదాలతో మొదలుపెట్టమని నేను చెప్పను. అవి యజ్ఞంతో, స్వరంతో ముడిపడిన మంత్రాలు. ఆ నేపథ్యం తెలియకుండా అర్థం మాత్రమే చదివితే అగ్నినీ ఇంద్రుణ్ణీ పొగిడే వాక్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నట్టు అనిపించి, పదో సూక్తం దాటకముందే పుస్తకం మూసేస్తారు.

మీ దగ్గర ఏ ప్రశ్న ఉందో దాన్నిబట్టి వెళ్లండి. రామాయణ భారతాలు సినిమాల్లో, టీవీలో చూడటమే తప్ప ఎప్పుడూ చదవలేదంటే వాటి వచనంతోనే మొదలుపెట్టండి. భారతం కథ తెలియకుండా గీత చదివితే అర్జునుడి బాధ బరువు తెలియదు. ఎదురుగా నిలబడ్డ భీష్ముడు అతనికి తాత, ద్రోణుడు విల్లు పట్టడం నేర్పిన గురువు. అది మనసులో ఉంటేనే మొదటి అధ్యాయంలో అతని చేతిలోంచి గాండీవం ఎందుకు జారిపోయిందో అర్థమవుతుంది. ఏం చెయ్యాలో తోచని స్థితిలో ఉండి పుస్తకం వెతుక్కుంటున్నారా, నేరుగా గీతకే వెళ్లండి. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. రోజుకు పది శ్లోకాల లెక్కన చదివినా రెండున్నర నెలల్లోపే పూర్తవుతుంది.

చావు గురించి, ఆ తర్వాత ఏముంటుందన్న దాని గురించి ఆలోచిస్తున్నవాళ్లకు కఠోపనిషత్తు మంచి గుమ్మం. నచికేతుడనే కుర్రవాడు యముడి ఇంటికి వెళ్లి ఆయన్నే ఆ ప్రశ్న అడుగుతాడు. కథ ఉంది కాబట్టి పట్టు దొరుకుతుంది. చిన్నగా ఉన్నాయి కదా అని ఈశావాస్యంతోనో మాండూక్యంతోనో మొదలుపెట్టకండి. ఈశావాస్యంలో 18 మంత్రాలు, మాండూక్యంలో 12. పేజీలు తక్కువే, కానీ ఒక్కో మంత్రం కొండంత. ఈశావాస్యం 11వ మంత్రం అవిద్యతో మృత్యువును దాటమంటుంది. అవిద్య అంటే అజ్ఞానం అనుకుని చదివితే అర్థం తిరగబడిపోతుంది. అక్కడ ఆ మాటకు కర్మ అని శంకరులు అర్థం చెప్పారు. ఆ సంగతి చెప్పే వ్యాఖ్యానం పక్కన లేకుండా ఆ చిన్న పుస్తకం జోలికి వెళ్లవద్దు.

ఇంట్లో రోజూ విష్ణు సహస్రనామం వినిపిస్తుంటే అక్కడి నుంచి మొదలుపెట్టడం కూడా మంచి పద్ధతే. అది మహాభారతం అనుశాసన పర్వంలోది. నామాలు ముందే చెవిలో ఉంటాయి కాబట్టి రోజుకు ఐదారింటికి అర్థం చూసుకుంటూ పోవచ్చు. అమ్మవారి కథ కావాలంటే దేవీమాహాత్మ్యం ఉంది. మార్కండేయ పురాణంలోని 13 అధ్యాయాల భాగం అది.

అట్ట మీది మాటలు చదవండి

ఒకే గీతకు తెలుగులో ఎన్నో పుస్తకాలు ఉంటాయి. అట్ట మీదో లోపలి మొదటి పేజీలోనో ఉండే రెండు మూడు మాటలే అది ఏ రకం పుస్తకమో చెప్పేస్తాయి.

తాత్పర్యం అని ఉంటే శ్లోకం మొత్తం భావం రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. వేగంగా చదువుకోవచ్చు, కానీ ఏ మాటకు ఏ అర్థమో పట్టుకోలేం. ప్రతిపదార్థం అని ఉంటే ఒక్కో మాటకూ విడిగా అర్థం ఉంటుంది. సంస్కృతం రానివాళ్లకే ఇది ఎక్కువ అవసరం, అయినా వాళ్లే దీన్ని చూసి భయపడతారు. భయపడకండి. మొదట తాత్పర్యం చదివి, సందేహం వచ్చిన మాటకు మాత్రం ప్రతిపదార్థంలోకి వెళ్తే చాలు. అన్వయం ఉంటే ఇంకా మేలు. సంస్కృత శ్లోకంలో మాటలు ఛందస్సు కోసం అటూ ఇటూ ఉంటాయి, వాటిని మామూలు వాక్యం వరసలో పెట్టి చూపించేది అన్వయం. వ్యాఖ్యానం అంటే శ్లోకం ఆధారంగా వ్యాఖ్యాత చేసిన వివరణ. వచనం అని ఉంటే శ్లోకాలు లేకుండా కథనంలా నడుస్తుంది. ప్రవచనం అని ఉంటే ఎవరో మాట్లాడినది పుస్తకంగా వేశారన్నమాట. అందులో పిట్టకథలు, మన కాలపు ఉదాహరణలు కలిసిపోయి ఉంటాయి. వినడానికి బాగుంటుంది కానీ ఏది మూలంలోదో, ఏది చెప్పినవారిదో విడదీయడం కష్టం. దాన్ని రెండో పుస్తకంగా పెట్టుకోండి.

గీతకు, ఉపనిషత్తులకు నా సలహా ఇది: తెలుగు లిపిలో మూలం, ప్రతిపదార్థం, తాత్పర్యం మూడూ ఉన్న పుస్తకం తీసుకోండి. మూలం లేని అనువాదం ఎంత తియ్యగా ఉన్నా మొదటి పుస్తకంగా వద్దు. ఎక్కడైనా అనుమానం వస్తే పోల్చుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. రామాయణ భారతాలకు ఈ పట్టుదల అక్కర్లేదు. వాల్మీకి రామాయణం 24,000 శ్లోకాలు. మొదటిసారికి మంచి వచనం చాలు. తర్వాత శ్లోకం కావాలనిపిస్తే పుల్లెల శ్రీరామచంద్రుడు గారి అర్థతాత్పర్యాలతో ఉన్న సంపుటాలు ఉన్నాయి. సంస్కృతం మీద పట్టు, తెలుగులో స్పష్టత రెండూ ఉన్న పండితుడాయన.

చెప్పేవారు ఏ సంప్రదాయం వారు?

ఈ ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. గీత గీతే కదా, ఎవరు చెబితే ఏముంది అనుకుంటారు. చాలా శ్లోకాల్లో నిజంగానే తేడా ఉండదు. తేడా వచ్చేచోట మాత్రం పెద్దగా వస్తుంది. 18వ అధ్యాయం 66వ శ్లోకం, "సర్వధర్మాన్ పరిత్యజ్య మామేకం శరణం వ్రజ". అన్ని ధర్మాలూ విడిచిపెట్టి నన్నే శరణు పొందు అంటున్నాడు. ధర్మాన్ని విడవడమేమిటి? శంకరుల వ్యాఖ్యలో ఇది కర్మలన్నిటినీ సన్న్యసించి ఆత్మజ్ఞానంలో నిలవడం. రామానుజుల వ్యాఖ్యలో చేయవలసినవి చేస్తూనే ఫలాన్ని, చేస్తున్నది నేనే అన్న భావాన్ని వదిలి భగవంతుణ్ణే ఆశ్రయించడం. ఒకే శ్లోకం, రెండు దారులు. మధ్వాచార్యులది మరో దారి. అందుకే పీఠికలో అనువాదకుడు ఎవరి భాష్యాన్ని అనుసరించాడో చూడండి. ఆ మాట దాచకుండా చెప్పినవాణ్ణి నేను ఎక్కువ నమ్ముతాను.

తెలుగులో సులభంగా దొరికేవాటిలో గోరఖ్‌పూర్‌లోని గీతా ప్రెస్ ప్రచురణలు ఒకటి. 1923లో మొదలైన ఆ సంస్థ తెలుగులోనూ గీతను, పురాణాలను అందిస్తోంది. ఆచారం, భక్తి ప్రధానంగా సాగే పుస్తకాలు అవి. ఇస్కాన్ వారి "భగవద్గీత యథాతథము" చైతన్య మహాప్రభువు నుంచి వచ్చిన గౌడీయ వైష్ణవ పరంపరలోది. ప్రతి అధ్యాయంలోనూ కృష్ణభక్తే కేంద్రం. రామకృష్ణ మఠం ప్రచురణలు మొత్తం మీద అద్వైతం వైపు మొగ్గుతాయి. శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమానికి చెందిన విద్యాప్రకాశానందగిరి స్వామి రాసిన "గీతామకరందము" వేదాంత దృష్టితో, సాధన చేసేవాళ్ల కోసం రాసిన పుస్తకం. వీటిలో ఏది మంచిదని అడిగితే మీ ఇంటి సంప్రదాయానికి దగ్గరగా ఉన్నదే మొదట చదవమంటాను. పరిచయమున్న నేల మీద నిలబడి చూస్తే మిగతా దారులు కూడా బాగా కనిపిస్తాయి. ఏ సంప్రదాయమూ పట్టనివారైతే ఏదైనా ఒకటి తీసుకుని, కష్టమైన శ్లోకాల దగ్గర రెండోదాన్ని తెరిచి చూడండి.

కొనేముందు ఈ నాలుగు చోట్లు తెరిచి చూడండి

పుస్తకం చేతిలో ఉన్నా, ఆన్‌లైన్‌లో కొన్ని పేజీలు మాత్రమే కనిపిస్తున్నా ఈ పరీక్ష పది నిమిషాల పని. గీతకు సరిపోయేలా చెబుతున్నాను, ఇదే పద్ధతిని మిగతావాటికీ వాడుకోవచ్చు.

మొదటిది 2వ అధ్యాయం 47, "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన". అందరికీ తెలిసిన శ్లోకం కాబట్టి అనువాదకుడి పనితనం ఇక్కడ బాగా బయటపడుతుంది. అధికారం అంటే మనకు పెత్తనం, పదవి. సంస్కృతంలో ఆ మాట అర్హతను, యోగ్యతను చెబుతుంది. కాబట్టి "కర్మమునందే నీకు అధికారము" అని మాత్రమే ఉంటే అది సంస్కృతాన్ని తెలుగు విభక్తులతో మళ్లీ రాయడమే. "పని చేయడం వరకే నీ వంతు, దాని ఫలితం మీద నీకు హక్కు లేదు" అన్న ధోరణిలో విప్పి చెబితే అనువదించినట్టు. ఇదే శ్లోకం చివర "మా తే సంగోఽస్త్వకర్మణి" అని ఉంది. సంగం అంటే ఇక్కడ సంఘమూ కాదు, స్నేహమూ కాదు. అంటుకుపోవడం. పని చేయకుండా కూర్చోవడం మీద కూడా మమకారం పెట్టుకోకు అంటున్నాడు. ఫలం ఆశించవద్దన్నదాన్ని మాత్రమే నొక్కి చెప్పి ఈ చివరి పాదాన్ని ఒక్క ముక్కలో తేల్చేసిన పుస్తకాలు చూశాను. శ్లోకంలో సగం బలం అక్కడే ఉంది.

అదే శ్లోకంతో అచ్చు ఎంత జాగ్రత్తగా వేశారో కూడా తెలుసుకోవచ్చు. "సంగోఽస్త్వకర్మణి"లో ఽ గుర్తు ఉందో లేదో చూడండి. అవగ్రహం అంటారు దాన్ని. అక్కడ ఒక అకారం సంధిలో లోపించిందని చెబుతుంది. అది లేకపోయినా, ధ ఉండాల్సిన చోట థ, శ ఉండాల్సిన చోట ష తరచూ కనిపించినా ప్రూఫులు సరిగా దిద్దలేదన్నమాట. పారాయణ చేయాలనుకుంటే అలాంటి పుస్తకం వద్దు. తప్పుగా నోటికి వచ్చిన శ్లోకాన్ని దిద్దుకోవడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం.

రెండోది 6వ అధ్యాయం 5, "ఉద్ధరేదాత్మనాత్మానం". ఈ ఒక్క శ్లోకంలో ఆత్మ అన్న మాట ఏడుసార్లు వస్తుంది. తనను తానే పైకి తెచ్చుకోవాలి, తనను తాను కుంగదీసుకోకూడదు, తనకు తానే చుట్టం, తనకు తానే శత్రువు అని భావం. అన్ని చోట్లా "ఆత్మ" అనే ఉంచేస్తే ఆత్మకు ఆత్మ శత్రువు ఎలా అవుతుందో చదివేవారికి అంతుచిక్కదు. ఇక్కడ ఆ మాట ఎక్కడ మనసును, ఎక్కడ "తాను" అన్నదాన్ని చెబుతుందో అనువాదకుడు వివరించి ఉంటే ఆ పుస్తకాన్ని ధైర్యంగా తీసుకోండి.

మూడోది 9వ అధ్యాయం 32. నన్ను ఆశ్రయిస్తే స్త్రీలు, వైశ్యులు, శూద్రులు కూడా పరమగతిని పొందుతారని చెప్పే శ్లోకం ఇది. ఇందులో "పాపయోనయః" అన్న మాట ఉంది. అది ఆ మూడు వర్గాలకు విశేషణమా, లేక వేరే నాలుగో వర్గమా అన్నదానిపై వ్యాఖ్యాతల్లో ఏకాభిప్రాయం లేదు. ఈరోజు చదివేవారికి ఈ శ్లోకం గుచ్చుకుంటుంది. నేను చూసేది అనువాదకుడి అభిప్రాయాన్ని కాదు, అతని నిజాయితీని. మూలంలో ఉన్న మాటను ఉన్నట్టు చూపించి, ఆ తర్వాత తన వివరణ ఇచ్చాడా? లేక ఇబ్బందిగా ఉందని మాటనే ఎగరగొట్టేశాడా? ఇక్కడ దాచినవాడు ఇంకెక్కడ ఏం దాచాడో మనకు తెలియదు.

నాలుగోది మొదట చెప్పిన "ప్రసాదం", 2వ అధ్యాయం 64, 65 శ్లోకాలు. వీలైతే పక్కనే 48, 50 కూడా చూడండి. 48లో సమత్వమే యోగం అన్నాడు. 50లో యోగమంటే పనుల్లో నేర్పు అన్నాడు. రెండు శ్లోకాల దూరంలో ఒకే మాట రెండు వైపుల నుంచి కనిపిస్తోంది. ఆ రెంటినీ కలిపే వాక్యం ఒక్కటైనా ఉందా అని వెతకండి.

శ్లోక సంఖ్యల గురించి ఒక చిన్న విషయం. 13వ అధ్యాయం కొన్ని పుస్తకాల్లో 34 శ్లోకాలు, కొన్నింటిలో 35. అర్జునుడు అడిగే ఒక ప్రశ్న కొన్ని ప్రతుల్లో మొదట ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. రెండు పుస్తకాలు పోల్చేటప్పుడు ఆ అధ్యాయంలో సంఖ్య ఒకటి తేడా వస్తే కంగారుపడకండి.

పోతనను, తిక్కనను అనువాదంగా చదవవచ్చా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మన భాషలో ఇంత గొప్ప భాగవతం, ఇంత గొప్ప భారతం ఉండగా ఇంకో అనువాదం ఎందుకని. ప్రేమతో అడిగే ప్రశ్నే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

గజేంద్రమోక్షం తీసుకోండి. "సిరికిం జెప్పడు" పద్యం రాని తెలుగు పద్యప్రియుడు ఉండడు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు, విష్ణువు అలాగే పరుగెత్తాడు. ఇప్పుడు సంస్కృత భాగవతం అష్టమ స్కంధం మూడో అధ్యాయం తెరవండి. అక్కడ విష్ణువు గరుడుడి మీద, చక్రం ధరించి వస్తాడు. పోతన తన భక్తిలో చూసిన విష్ణువు వేరు. ఆ తొందర, ఆ కంగారు, భక్తుడి కోసం అన్నీ మరిచిన ఆ రూపం పోతన మనకిచ్చింది. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. కానీ "వ్యాసుడు ఇలా రాశాడు" అని చెప్పడానికి ఆ పద్యాన్ని ఆధారంగా చూపకూడదు. తెలుగు భాగవతం మొత్తం పోతన ఒక్కడిదే కాదన్నది కూడా గుర్తుంచుకోండి. అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, చివరి రెండూ నారయవి.

భారతంలో ఇంకో రకం. నన్నయ మొదలుపెట్టి, తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాసి, అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని ఎఱ్ఱన పూరించిన మహాకావ్యం అది. ఆ ముగ్గురూ కథను, పాత్రలను తెలుగువాళ్ల కళ్లముందు నిలబెట్టారు. కానీ భగవద్గీత దగ్గరికి వచ్చేసరికి తిక్కన కొద్ది పద్యాల్లోనే ముగించాడు. గీత కోసం ఆంధ్రమహాభారతం తెరిచేవారికి అది దొరకదు. రామాయణానికి వస్తే, మనందరికీ తెలిసిన లక్ష్మణరేఖ వాల్మీకి అరణ్యకాండలో లేదు. తెలుగు ద్విపదలోని రంగనాథ రామాయణంలో ఉంది.

కాబట్టి నా పద్ధతి ఇది. మూలంలో ఏముందో తెలియాలంటే శ్లోకతాత్పర్యాలున్న పుస్తకం. ఆ కథ తెలుగు మనసులో ఎలా పండిందో తెలియాలంటే పోతన, తిక్కన. రెండూ చదవండి, రెండింటినీ వేర్వేరు అరల్లో పెట్టుకోండి. పద్యం అర్థం కాదన్న భయం ఉంటే, తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన ఆంధ్రమహాభారతం ప్రతిపదార్థ తాత్పర్యాలతో ఉంది.

ఎక్కడ వెతకాలి

కొనేముందు ఉచితంగా దొరికేవి చూడండి. తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణల్లో చాలావాటిని ఈ-బుక్స్‌గా వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. తెలుగు భాగవతం అన్న పేరుతోనే ఉన్న వెబ్‌సైట్‌లో పోతన భాగవతం పద్యాలు అర్థాలతో సహా ఉన్నాయి. కాన్పూర్ ఐఐటీ వారి గీతా సూపర్‌సైట్‌లో శ్లోకాన్ని తెలుగు లిపిలో పెట్టుకుని, శంకర రామానుజుల భాష్యాలను పక్కపక్కనే చూడవచ్చు. అక్కడి అనువాదాలు హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి, అయినా పోలికకు అంత మంచి చోటు ఇంకోటి నాకు కనిపించలేదు. ఆర్కైవ్.ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు లెక్కలేనన్ని ఉన్నాయి. గ్రంథం పేరును తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వెతకండి. ఇంగ్లీషులో ఒక్కో పేరును రెండు మూడు రకాలుగా రాస్తారు, అన్నీ ప్రయత్నించాలి.

పాత స్కాన్‌లతో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి గ్రాంథిక భాష, అరసున్నలు, బండి ఱలు. పదిహేను రోజులు ఓపిక పడితే కన్ను అలవాటుపడుతుంది. రెండోది తప్పిపోయిన పేజీలు, దొరకని సంపుటాలు. మొదలుపెట్టే ముందే విషయసూచిక చూసి చివరి పేజీ దాకా ఒకసారి తిరగేయండి. అచ్చు పుస్తకాల్లోనూ ఇది జరుగుతుంది. నేను తెప్పించుకున్న ఒక పాత గ్రంథం పునర్ముద్రణలో ఒక అధ్యాయం పేజీలు రెండుసార్లు కుట్టి, తర్వాతి అధ్యాయాన్ని వదిలేశారు. ఆ చోటికి చేరేసరికి ఆరు నెలలైంది, మార్చుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది. పార్సిల్ వచ్చిన రోజే పేజీ సంఖ్యలు వరసగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫోన్ యాప్‌లలో అనువాదకుడి పేరు లేకపోతే వాడకండి. ఎవరు రాశారో తెలియని తాత్పర్యం ఎవరూ బాధ్యత తీసుకోని తాత్పర్యం. శ్లోక సంఖ్య ఇవ్వకుండా గీతలో ఉందని తిరిగే మాటల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. "ఏది జరిగిందో అది మంచికే జరిగింది" అంటూ గీతాసారం పేరుతో క్యాలెండర్ల మీద కనిపించే వాక్యాలు గీతలోని ఏ శ్లోకానికీ అనువాదం కావు. ఘంటసాల గారి భగవద్గీత విని పెరిగినవాళ్లకు ఇంకో మాట. అందులో ఉన్నవి ఎంపిక చేసిన శ్లోకాలు, గీత మొత్తం కాదు. కానీ ఆ శ్లోకాలు మీకు నోటికి వచ్చి ఉంటే అంతకన్నా మంచి ఆరంభం లేదు. మీ పుస్తకంలో ఆ శ్లోకాలకు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని ముందు వాటి అర్థాలే చదవండి.

తెలుగు చదవలేని పిల్లలకు

ఇంగ్లీషులో గీత కావాలంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది ఉంది. 1948లో వచ్చిన ఆ పుస్తకంలో మూలం కూడా ఉంటుంది, తత్త్వశాస్త్రం పోలికలు ఎక్కువ. కాలేజీ పిల్లలకు సరిపోతుంది. అంతకంటే తేలికగా కావాలంటే ఏక్‌నాథ్ ఈశ్వరన్ అనువాదం. ఉపనిషత్తులకు శంకరభాష్యంతో కావాలంటే స్వామి గంభీరానంద. భారతం మొత్తానికి బిబేక్ దేబ్‌రాయ్ చేసిన పది సంపుటాలు ఉన్నాయి. పుణేలోని భండార్కర్ సంస్థ వందలాది తాళపత్రాలను, రాతప్రతులను పోల్చి 1966లో పూర్తిచేసిన పరిష్కృత ప్రతికి అది అనువాదం. అందులో మనం విన్న కొన్ని కథలు కనిపించవు. వినాయకుడు భారతం రాసిపెట్టిన కథ ఆ ప్రతి ప్రధాన పాఠంలో లేదు, అనుబంధంలోకి వెళ్లింది. పిల్లలు వచ్చి అడిగితే, పుస్తకం తప్పని అనకండి, వేర్వేరు ప్రాంతాల ప్రతుల్లో తేడాలు ఉంటాయని చెప్పండి.

పుస్తకం ఇంటికి వచ్చాక

పక్కన ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ధర్మం, కర్మ, యోగం, ఆత్మ, గుణం, సంగం, ప్రసాదం, ఒక్కో మాటకు ఒక్కో పేజీ. ఆ మాట ఎదురైన ప్రతిసారీ అధ్యాయం, శ్లోక సంఖ్య వేసి అక్కడ ఇచ్చిన అర్థం రాసుకోండి. గీత పూర్తయ్యేసరికి యోగం పేజీ నిండిపోతుంది, ఇంకో పేజీ కావాలి. నా నోటు పుస్తకంలో ఎక్కువ కొట్టివేతలు ఉన్నది ఆత్మ పేజీలోనే.

ఒక శ్లోకం దగ్గర ఇరుక్కుంటే దాన్ని అక్కడే పట్టుకుని కూర్చోవద్దు, ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి. అలాంటివి ఏడెనిమిది పోగయ్యాక రెండో పుస్తకం తెరవండి, లేదా సంస్కృతం తెలిసినవారిని అడగండి. "ఈ శ్లోకం అర్థం కాలేదండీ" అని కాకుండా "ఈ శ్లోకంలో ఈ మాటకు ఇక్కడ ఏ అర్థం తీసుకోవాలండీ" అని అడిగితే, ఎంత తీరిక లేని పండితుడైనా ఆగి చెబుతారు.